కారు స్టీరియోకి రివర్స్ కెమెరా వైరింగ్: ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. కెమెరా మాత్రం తప్పనిసరి కాదు. అమెరికాలో 2018 మే నుంచే కొత్త కార్లన్నిటికీ కెమెరా ఉండాల్సిందే. ఇక్కడ కింది వేరియంట్లు కొన్నవాళ్లకు బీప్ శబ్దమే దిక్కు. సెన్సార్ ఏదో ఉందని అరుస్తుందే గానీ అది పిల్లాడో, కుండీయో, గేటు ఆపడానికి నేలలో పాతిన ఇనుప ముక్కో చెప్పదు. అందుకే చాలామంది ఆండ్రాయిడ్ స్టీరియో వేయించుకున్నప్పుడే కెమెరా కూడా వేయించేస్తారు.

దుకాణంలో ఈ పని గంటలో అయిపోతుంది. ఆ గంటలోనే తేడా వస్తుంది. కుర్రాడు రివర్స్ లైటు తీగని బ్లేడుతో గీసి, కొత్త తీగని మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి వదిలేస్తాడు. మన ఎండలకి టేపు జిగురు కారిపోతుంది, మెలిక వదులవుతుంది, ఏడాది తిరిగేసరికి కెమెరా వచ్చీరానట్టు ఉంటుంది. పని కష్టమైంది కాదు, ఓపిక కావాలి. ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10 లాంటి హ్యాచ్‌బ్యాక్‌కి బయట కొన్న స్టీరియో ఉందనుకుని చెబుతున్నాను. సెడాన్‌కీ దాదాపు ఇంతే. కంపెనీ నుంచి వచ్చిన టచ్‌స్క్రీన్ అయితే ఆ మోడల్‌కి కెమెరా ఇన్‌పుట్ ఉందో లేదో, దానికి ప్రత్యేక కప్లర్ (తీగల కట్టని కలిపే ప్లగ్గు) కావాలేమో ముందు కనుక్కోండి. లేదని తేలాక కెమెరా కొని లాభం లేదు.

ముందు మూడు తీగల లెక్క

కెమెరాకి 12 వోల్టుల కరెంటు కావాలి. అది తీసిన బొమ్మ స్టీరియో దాకా పోవాలి. గేరు రివర్స్‌లో పడిందన్న కబురు స్టీరియోకి అందాలి. మొత్తం పని ఈ మూడే: కరెంటు, బొమ్మ, కబురు.

బొమ్మ పసుపు పిన్ను ఉన్న ఆర్‌సీఏ కేబుల్లో పోతుంది. కరెంటు, కబురు రెండూ రివర్స్ లైటు దగ్గరే దొరుకుతాయి, ఎందుకంటే రివర్స్ గేరు పడ్డప్పుడు మాత్రమే ఆ బల్బుకి 12 వోల్టులు వస్తాయి. ఆ తీగ నుంచి ఒక కొమ్మ కెమెరాకి, ఇంకో కొమ్మ స్టీరియోకి. చాలామంది మొదటి కొమ్మ కలిపి రెండోది మర్చిపోతారు. అప్పుడు కెమెరా పనిచేస్తూనే ఉంటుంది గానీ స్క్రీన్ మీద పాటల లిస్టు కదలదు. కెమెరా పాడైందని వెనక్కి పంపేసేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

ఆర్‌సీఏ కేబుల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చాలావాటికి రెండు చివర్లా పిన్ను పక్కనుంచి ఒక సన్నని ఎర్ర తీగ బయటికి వచ్చి ఉంటుంది. ఆ కబురు మోయడానికే దాన్ని పెట్టారు. కేబుల్ పొడవునా లోపలే పోతుంది కాబట్టి వేరే తీగ లాగక్కర్లేదు. పనికిరాని తీగనుకుని దాన్ని కత్తిరించేసిన బండ్లు కోకొల్లలు.

కెమెరా కొనేముందు

నంబర్ ప్లేట్ ఫ్రేములో ఇమిడిపోయే కెమెరాలు ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తాయి. మన బండ్లకి అవి వద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్ ఉంటుంది. దాని స్నాప్ లాక్ ఒకసారి ఊడదీస్తే మళ్లీ పనికిరాదు. ప్లేటు జోలికి పోకుండా, నంబర్ ప్లేట్ లైటు పక్కన రెండు స్క్రూలతో బిగించే చిన్న బ్రాకెట్ కెమెరా తీసుకోండి. బంపర్‌కి గుండ్రటి రంధ్రం చేసి దూర్చే రకం చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకసారి రంధ్రం పడ్డాక వెనక్కి తిరిగేది లేదు. పైగా బంపర్ కింద ఉంటే వానాకాలం బురదంతా దాని మొహానే.

రెండో సంగతి సిగ్నల్ రకం. పాతకాలపు సీవీబీఎస్ అన్ని స్టీరియోలకీ పడుతుంది, బొమ్మ కాస్త మసగ్గా ఉంటుంది. ఏహెచ్‌డీ కెమెరా బొమ్మ చాలా తేటగా ఉంటుంది, కానీ స్టీరియో కూడా ఏహెచ్‌డీని తీసుకోగలగాలి. రెండింటికీ పిన్ను ఒకటే కాబట్టి తగిలించగానే పట్టేస్తుంది, బొమ్మ మాత్రం రాదు. స్టీరియో డబ్బా మీదో, సెట్టింగుల్లోనో ఏహెచ్‌డీ 720 లేదా 1080 అని ఉంటే ఆ కెమెరానే కొనండి. లేకపోతే సీవీబీఎస్‌తో సరిపెట్టుకోండి.

నీటి రక్షణకి ఐపీ67 అయినా ఉండాలి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరకూడదని దాని లెక్క. వైర్‌లెస్ కెమెరా అయితే ఈ తలనొప్పులు ఉండవు కదా అనిపించొచ్చు. దానికీ కరెంటు రివర్స్ బల్బు నుంచే తీయాలి, సగం పని ఎలాగూ తప్పదు. మిగిలిన సగం తప్పించుకున్నందుకు బొమ్మ అప్పుడప్పుడూ తెగుతుంది. నన్నడిగితే తీగే మేలు.

కేబుల్ పొడవు కూడా చూసుకోండి. సాధారణంగా 6 మీటర్ల కేబుల్ ఇస్తారు, హ్యాచ్‌బ్యాక్‌కి అది చాలు. ఇన్నోవా లాంటి పొడవాటి బండి అయితే ఒక తాడు తీసుకుని డిక్కీ తలుపు నుంచి పైకప్పు, పక్క స్తంభం, గుమ్మాల మీదుగా డాష్‌బోర్డ్ దాకా పరిచి కొలవండి. వంపుల్లో ఎంత పొడవు పోతుందో అప్పుడు తెలుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మల్టీమీటర్. మామూలు రకం చాలు, కానీ ఇది లేకుండా పని మొదలుపెట్టొద్దు.
- 10 నంబర్ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, ప్యానెళ్లు ఊడదీసే ప్లాస్టిక్ టూల్స్. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే ప్యానెల్ మీద గీత జీవితాంతం ఉంటుంది.
- ఇన్‌లైన్ ఫ్యూజ్ హోల్డర్ (తీగ మధ్యలో ఫ్యూజ్ పెట్టుకునే గొట్టం), 1 ఆంపియర్ ఫ్యూజ్.
- సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే ముడుచుకుని తీగని పట్టేసే గొట్టాలు), బండ్ల వైరింగ్‌కి వాడే గుడ్డ టేపు, కేబుల్ టైలు.
- 0.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు రెండు మూడు మీటర్లు.
- బైకు క్లచ్ కేబుల్ లోపలి ఇనుప తీగ. పాతది చాలు, మెకానిక్‌ని అడిగితే ఊరికే ఇస్తాడు. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

హైదరాబాద్ జాంబాగ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఇవన్నీ ఒకేచోట దొరికేస్తాయి.

1. ముందు సీటు మీదే కెమెరాని పరీక్షించండి

కెమెరాని డిక్కీకి బిగించి, కేబుల్ అంతా లాగి, ప్యానెళ్లన్నీ మూసేశాక బొమ్మ రాకపోతే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే మొదట స్టీరియోని బయటికి లాగి, కెమెరాని ముందు సీటు మీద పెట్టి చూడండి.

బయట కొన్న స్టీరియోల్లో పసుపు తీగకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎర్ర తీగకి తాళం తిప్పినప్పుడే వస్తుంది, నల్లది ఎర్త్. పసుపు తీగ వేరు, పసుపు ఆర్‌సీఏ పిన్ను వేరు, పొరబడొద్దు. స్టీరియో వెనక కట్టలో రివర్స్ కబురు కోసం ఒక తీగ ఉంటుంది. సోనీ, పయనీర్, కెన్‌వుడ్‌లలో అది ఊదా రంగు మీద తెల్ల గీతతో ఉంటుంది. చైనా ఆండ్రాయిడ్ స్టీరియోల్లో రంగుకి నియమం లేదు. తీగకి చుట్టిన చిన్న కాగితం మీద రివర్స్ అనో, బ్యాక్ అనో రాసి ఉంటుంది. దాన్నే నమ్మండి.

తాళం ఆపి కెమెరా ఎర్ర తీగనీ, స్టీరియో రివర్స్ తీగనీ తాత్కాలికంగా స్టీరియో ఎర్ర తీగకి కలపండి. కెమెరా నల్ల తీగని నల్లదానికి కలపండి. పసుపు పిన్ను కెమెరా ఇన్‌పుట్ అని రాసి ఉన్న సాకెట్‌లో పెట్టండి. వీడియో అవుట్ అనే సాకెట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, అందులో పెడితే ఏమీ రాదు. ఇప్పుడు తాళం తిప్పితే స్క్రీన్ మీద మీ కారు పైకప్పో, మీ మొహమో కనిపించాలి. బొమ్మ రాకపోతే సెట్టింగుల్లో రివర్స్ లేదా కెమెరా అనే చోటికి వెళ్లి సీవీబీఎస్, ఏహెచ్‌డీ రకాలు ఒక్కొక్కటీ మార్చి చూడండి. కొన్ని స్టీరియోల్లో ఆ మెనూకి పాస్‌వర్డ్ అడుగుతుంది. అమ్మినవాడినే అడగండి, ఊరికే అంకెలు నొక్కుతూ వేరే సెట్టింగులు కెలకొద్దు.

బొమ్మ వచ్చాక, అన్నీ విప్పి పక్కన పెట్టండి.

2. రివర్స్ లైటు తీగని పట్టుకోండి

అసలు పని ఇక్కడుంది. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేయండి. వెనక్కి వెళ్లి తెల్ల లైటు ఎటువైపు వెలుగుతోందో చూడండి. కొన్ని బండ్లలో ఒకవైపే ఉంటుంది, రెండోవైపు అచ్చం అలాంటి గాజే ఉన్నా లోపల బల్బు ఉండదు.

చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తలుపు తీస్తే టెయిల్ ల్యాంప్ పక్క అంచున రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి విప్పి ల్యాంప్‌ని తిన్నగా వెనక్కి లాగితే ఊడొస్తుంది. పక్కకి వంచితే లోపలి ప్లాస్టిక్ గూటం విరుగుతుంది. ల్యాంప్ వెనక ఉన్న కప్లర్‌కి నాలుగైదు తీగలుంటాయి: టెయిల్ లైటు, బ్రేకు, ఇండికేటర్, రివర్స్, ఎర్త్. వీటిలో మనకి కావాల్సింది ఏదో రంగు చూసి చెప్పలేం. ఇంటర్నెట్‌లో మీ మోడల్ పేరుతో దొరికే రంగుల చార్టులు సంవత్సరం మారితే మారిపోతాయి.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ప్రోబ్‌ని రంగు లేని ఇనుప బోల్టుకి ఆనించండి. ఎర్ర ప్రోబ్‌ని కప్లర్ వెనక నుంచి, తీగ లోపలికి దూరే సందులో మెల్లగా గుచ్చండి. తీగ తొక్కకి సూది గుచ్చే అలవాటు కొందరికి ఉంటుంది, ఆ చిల్లులోంచి తేమ పోయి రాగి ఆకుపచ్చగా మారుతుంది, అలా చేయకండి. ఇప్పుడు ఒక మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి గేరు మార్పించండి. న్యూట్రల్‌లో సున్నా, రివర్స్‌లో 12 చిల్లర చూపించే తీగే మనది. అక్కడితో ఆగకుండా బ్రేకు తొక్కించండి, ఇండికేటర్ వేయించండి, హెడ్‌లైట్లు వేయించండి. వేటికీ ఆ తీగ చలించకూడదు. బ్రేకు తీగకి కలిపిన కెమెరాలు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వెనక ఆటో మొహం స్క్రీన్ మీదకి వస్తుంటుంది.

ఎర్త్ తీగనీ అప్పుడే గుర్తించండి. మీటర్‌ని కంటిన్యూటీలో, అంటే రెండు కొసలూ కలిసి ఉంటే మోగే సెట్టింగులో పెట్టి బాడీకీ, తీగకీ మధ్య చూస్తే బీప్ మంటుంది. బల్బుల గుండా కూడా ఒక్కోసారి మోగుతుంది కాబట్టి ల్యాంప్ కప్లర్ ఊడదీసి చూడండి. రెండు తీగలకీ చిన్న టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి.

రివర్స్ తీగ మీద 12 కాకుండా 6, 9 అంటూ అంకె ఆడుతుంటే ఆ బండి బల్బుకి కరెంటు నిలకడగా కాక తునకలుగా పంపుతోందన్నమాట. వోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి బండ్లలో ఇది కనిపిస్తుంది. కెమెరాని సూటిగా కలిపితే బొమ్మ వణుకుతుంది. దీనికి కెమెరా ఫిల్టర్ అని చిన్న డబ్బా అమ్ముతారు, అది మధ్యలో పెట్టండి. అదీ చాలకపోతే కెమెరా కరెంటుని స్టీరియో ఎర్ర తీగ నుంచి ఫ్యూజ్ ద్వారా తెచ్చి, రివర్స్ తీగని కబురుకే వాడండి. బండి నడుస్తున్నంతసేపూ కెమెరా వెలిగే ఉంటుంది, దానివల్ల నష్టమేమీ లేదు.

ఎలక్ట్రిక్ కార్లవాళ్లకి ఒక మాట. వాటిలోనూ లైట్లకీ, స్టీరియోకీ 12 వోల్టుల వైరింగే ఉంటుంది కాబట్టి ఇదే పద్ధతి. నారింజ రంగు తొడుగున్న మందపాటి తీగలు మాత్రం హై వోల్టేజ్‌వి. వాటి దరిదాపులకి కూడా చెయ్యి పోనివ్వొద్దు.

3. జాయింట్లు

ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ని 10 నంబర్ పానాతో విప్పి పక్కకి పెట్టండి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి, అది మీ దగ్గరుందో లేదో ముందే చూసుకోండి.

కంపెనీ తీగని తెంచొద్దు. రెండు ముక్కలు చేసి మధ్యలో మూడోది కలపడం వల్ల రేపు వైరింగ్ వారంటీ అడిగితే సర్వీస్ సెంటర్‌వాడికి సాకు దొరుకుతుంది. తొక్కని మాత్రం సెంటీమీటరు మేర జాగ్రత్తగా ఒలవండి, లోపలి రాగి పోగులు ఒక్కటి కూడా తెగకూడదు. పోగుల్ని సూదితో రెండుగా విడదీస్తే మధ్యలో చిన్న కన్ను ఏర్పడుతుంది. కొత్త తీగని ఆ కంట్లోంచి దూర్చి, చుట్టూ తిప్పి, సోల్డర్ పెట్టండి. తెంచని తీగ మీదకి హీట్ ష్రింక్ స్లీవు ఎక్కదు కదా, అక్కడ గుడ్డ టేపు బిగించి చుట్టాలి. మీరు కొత్తగా కలిపే చివర్లకి మాత్రం స్లీవు ముందే ఎక్కించుకోండి.

సోల్డరింగ్ చేతకాకపోతే తీగని తెంచకుండా పైన నొక్కితే కొమ్మ కలిపే టీ ట్యాప్ కనెక్టర్లు వాడొచ్చు. తీగ మందానికి సరిపడే సైజు తీసుకోవాలి. వదులైతే కరెంటు సరిగా తగలదు, బిగువైతే పోగులు తెగుతాయి.

రివర్స్ తీగ నుంచి వచ్చిన కొత్త తీగకి ఇన్‌లైన్ ఫ్యూజ్ పెట్టండి, జాయింటుకి వీలైనంత దగ్గర్లో. ఫ్యూజ్ దాటాక దాన్ని రెండు కొమ్మలు చేయండి. ఒకటి కెమెరా ఎర్ర తీగకి, ఇంకోటి ఆర్‌సీఏ కేబుల్ పక్కనున్న సన్న ఎర్ర తీగకి. కెమెరా తినే కరెంటు ఆంపియర్‌లో చిన్న వంతు కాబట్టి 1 ఆంపియర్ ఫ్యూజ్ పుష్కలం. ఫ్యూజ్ ఎందుకు, చిన్న తీగే కదా అనకండి. డిక్కీ తలుపు మడతలో ఏ రోజైనా తీగ ఒరిసి బాడీకి తగిలితే, ఈ ఫ్యూజ్ లేకపోతే కంపెనీ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. దానిమీద ఇంకేం లైట్లున్నాయో అవీ పోతాయి.

కెమెరా నల్ల తీగని ల్యాంప్ ఎర్త్ తీగకే కలపండి. పెయింటు ఉన్న స్క్రూ కింద దూరిస్తే ఎర్త్ బలహీనమై బొమ్మలో అడ్డగీతలు వస్తాయి.

4. డిక్కీ తలుపు దాటించడం

కెమెరా డిక్కీ తలుపు మీద ఉంటుంది, మిగతాదంతా బాడీలో. రెండింటి మధ్య పై కీలు దగ్గర వంకీలు తిరిగిన నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. కంపెనీ తీగలన్నీ అందులోంచే పోతాయి, మన కేబుల్ కూడా అందులోంచే పోవాలి. తలుపు సందులోంచి బయట నుంచి తెచ్చేస్తే పని పది నిమిషాల్లో అయిపోతుంది గానీ, తలుపు వేసిన ప్రతిసారీ కేబుల్ నలుగుతుంది, రబ్బరు బీడింగ్ మూసుకోక వాన నీళ్లు డిక్కీలోకి దిగుతాయి.

తలుపు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ క్లిప్పుల మీద ఉంటుంది. పట్టుకునే పిడి దగ్గర స్క్రూ దాక్కుని ఉంటుంది, అది తీశాకే లాగండి. తర్వాత రబ్బరు గొట్టం రెండు చివర్లనీ వాటి రంధ్రాల్లోంచి వేళ్లతో నొక్కి బయటికి తీయండి. ఇప్పుడు క్లచ్ కేబుల్ తీగ పనికొస్తుంది. అది వంగుతుంది, కానీ కుంగదు. ఒక చివర నుంచి దూరిస్తే కంపెనీ తీగల పక్కనుంచి మెల్లగా రెండో చివరకి వస్తుంది. దాని కొసకి మన కేబుల్‌ని కట్టి, ముడి ఉబ్బెత్తు లేకుండా టేపు చుట్టి, వెనక్కి లాగండి.

ఇరుకైతే సబ్బు నీళ్లో, సిలికాన్ స్ప్రేయో రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బి పగులుతుంది. ఆర్‌సీఏ పిన్ను లావుగా ఉండి కొన్ని బండ్లలో అసలు పట్టదు. అప్పుడు కెమెరా వైపు చిన్న పిన్ను ఉంటే అటు నుంచి లాగండి. బలవంతంగా లాగితే పిన్ను లోపల అతుకు ఊడిపోతుంది, బయటికేమీ కనిపించదు.

గొట్టాన్ని తిరిగి రంధ్రాల్లో కూర్చోబెట్టాక అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి. ఎక్కడా మడత పడకూడదు. తలుపు పూర్తిగా తెరిచి కేబుల్ బిగుసుకుపోవడం లేదని చూసుకోండి. తెరిచినప్పుడు సరిపోయేంత వదులు ఉండాలి.

కెమెరా తీగ కోసం నంబర్ ప్లేట్ లైటు గూట్లోంచి దారి దొరికితే అదృష్టం, డ్రిల్ అక్కర్లేదు. డ్రిల్ చేయక తప్పకపోతే తీగ పట్టేంత రంధ్రమే చేసి, ఇనుము బయటపడ్డ అంచుకి ప్రైమరో టచప్ పెయింటో రాసి, రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇది మానేస్తే రెండో వానాకాలానికి తుప్పు మరక కిందకి కారుతూ కనిపిస్తుంది.

5. ముందుకి తీసుకురావడం

ఇది సులువు. వెనక పక్క ప్యానెల్ లోపల నుంచి కేబుల్‌ని కిందకి దింపి, ఎడమ వైపు తలుపుల గుమ్మాల ప్లాస్టిక్ పట్టీలు ఎత్తి, వాటి కింద నుంచి ముందుకి తెచ్చి, గ్లవ్ బాక్స్ ఊడదీసి స్టీరియో వెనక్కి చేర్చండి. ఎడమ వైపే ఎందుకంటే కుడి వైపు పెడళ్లు, స్టీరింగ్ రాడ్ ఉంటాయి. అక్కడ కేబుల్ జారి బ్రేకు పెడల్ కింద పడిందంటే ప్రాణాల మీదకొస్తుంది.

పక్క స్తంభాల మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే ఆ ప్యానెల్ ఊడదీయకండి, కేబుల్‌ని దాని ముందు నుంచి పోనివ్వకండి. పసుపు తొడుగు, పసుపు కప్లర్ ఎక్కడ కనిపించినా అది ఎయిర్‌బ్యాగ్‌ది, తాకొద్దు. అడుగు అడుగున్నర దూరానికి ఒక కేబుల్ టై వేసుకుంటూ రండి. మిగిలిన కేబుల్‌ని చుట్టలా చుట్టి గ్లవ్ బాక్స్ వెనక కట్టేయండి, లేకపోతే గతుకుల రోడ్డు మీద టకటకమని చప్పుడు.

6. స్టీరియో వెనక

పసుపు పిన్ను కెమెరా సాకెట్‌లోకి. కేబుల్ ఈ చివరన ఉన్న సన్న ఎర్ర తీగ స్టీరియో రివర్స్ తీగకి. అంతే. ఈ జాయింటుకి స్లీవు వేసి వేడి చేయండి. స్టీరియో ఇంకా గూట్లో పెట్టొద్దు, ప్యానెళ్లు ఏవీ మూయొద్దు. బ్యాటరీ కలిపి, తాళం తిప్పి, రివర్స్ వేయండి.

బొమ్మ రాకపోతే

స్క్రీన్ అసలు మారలేదా? కబురు అందలేదు. స్టీరియో దగ్గర సన్న ఎర్ర తీగ మీద మీటర్ పెట్టండి. రివర్స్‌లో 12 వోల్టులు లేకపోతే ఫ్యూజ్, డిక్కీ వైపు జాయింటు చూడండి. ఉంటే తప్పు తీగకి కలిపారన్నమాట.

స్క్రీన్ మారి నల్లగా ఉందా, సిగ్నల్ లేదంటోందా? కబురు వచ్చింది, బొమ్మ రాలేదు. కెమెరాకి కరెంటు ఉందో లేదో చూసి, తర్వాత ఆర్‌సీఏ పిన్నులు రెండు చివర్లా బిగువుగా ఉన్నాయో చూడండి. మొదట్లో సీటు మీద పనిచేసింది కాబట్టి కెమెరాని అనుమానించక్కర్లేదు, కేబుల్‌నే అనుమానించండి.

బొమ్మ పైకీ కిందకీ దొర్లుతున్నా, రంగు లేకుండా చారలుగా వస్తున్నా సిగ్నల్ రకం సెట్టింగు తప్పింది. ఇంజిన్ స్టార్ట్ చేశాకే గీతలు వస్తుంటే ఎర్త్ చూసుకోండి. రివర్స్‌లో నాసిరకం ఎల్‌ఈడీ బల్బు వేసుకున్నవాళ్లకి కూడా ఇలా వస్తుంది. ఒకసారి మామూలు బల్బు పెట్టి చూస్తే తేలిపోతుంది.

కుడి ఎడమలు తారుమారైతే కంగారు పడకండి. వెనక కెమెరా బొమ్మ అద్దంలో చూసినట్టు ఉండాలి, అంటే మీ కుడివైపున్న గోడ స్క్రీన్‌లోనూ కుడివైపే కనిపించాలి. కెమెరా తీగ మీద సాధారణంగా రెండు చిన్న లూపులు వేలాడుతుంటాయి. ఒకటి కత్తిరిస్తే బొమ్మ తిరగబడుతుంది, ఇంకోటి కత్తిరిస్తే బొమ్మ మీద దూరం చూపే రంగు గీతలు పోతాయి. ఏది దేనికో కెమెరాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. స్టీరియో సెట్టింగులో మార్చుకునే వీలుంటే అక్కడే మార్చండి, కత్తెర దాకా పోవద్దు. కత్తిరించాల్సి వస్తే మధ్యలో కత్తిరించి రెండు కొసలకీ విడివిడిగా టేపు వేయండి, మళ్లీ కలుపుకోవచ్చు.

గీతల్ని మీ బండికి సరిచేసుకోవడం

అన్నీ పనిచేశాక ప్యానెళ్లు మూసేయండి. క్లిప్పులు విరిగి ఉంటే కొత్తవి వేయండి, లేకపోతే కిరకిరమంటాయి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. స్క్రీన్ మీద కనిపించే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు మీ బండి కొలతలతో వేసినవి కావు. కెమెరా ఎత్తు, వంపు మారితే వాటి అర్థం మారిపోతుంది.

బండిని తిన్నగా ఆపి బంపర్ నుంచి అరమీటరు, మీటరు, రెండు మీటర్ల దూరంలో నీళ్ల సీసాలు నిలబెట్టండి. స్క్రీన్‌లో చూస్తూ, బంపర్ అంచు కింద సన్నగా కనిపించేలా కెమెరాని వంచి స్క్రూ బిగించండి. బంపర్ కనిపించకపోతే దూరం అంచనా దొరకదు. ఇప్పుడు ఎరుపు గీత ఏ సీసా దగ్గర ఉందో చూసుకోండి. కొన్ని స్టీరియోల్లో గీతల్ని వేలితో జరుపుకోవచ్చు. ఆ వీలు లేకపోతే ఎరుపు గీత అంటే ఎంత దూరమో గుర్తుపెట్టుకుంటే చాలు. ఇదే పరీక్ష చీకటి పడ్డాక ఇంకోసారి చేయండి. రివర్స్ లైటు మసగ్గా ఉండే బండ్లలో రెండు మీటర్ల సీసా కనిపించదు. అలాంటప్పుడు సెన్సార్ బీప్ వినడం మానొద్దు.

లెన్సు మీద దుమ్ము పేరుకున్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ప్రెషర్ గన్ కెమెరా మీద దగ్గర్నుంచి కొట్టొద్దని ముందే చెప్పండి. ఐపీ67 నిలకడ నీళ్ల లెక్క, గన్ ధారది కాదు. లోపల ఆవిరి చేరి బొమ్మ పొగమంచులా కనిపించడం మొదలైతే ఆ కెమెరా పని అయిపోయినట్టే. అయితే వైరింగ్ అంతా ఉంది కాబట్టి, అదే రకం పిన్నున్న కెమెరా తెచ్చి తగిలించుకుంటే సరిపోతుంది.